రాబర్ట్ స్టిర్లింగ్

స్కాట్లండులోని మెత్వెన్ గ్రామ సమీపాన ఒక వ్యవసాయ కుటుంబంలో 1790 అక్టోబరు 25న రాబర్ట్ స్టిర్లింగ్ జన్మించారు. తాత మైఖేల్ ధాన్యం నూర్చే యంత్రాన్ని రూపొందించిన నేర్పరి. యంత్రాలపై మక్కువ మనుమనికి ఆ విధంగా సంక్రమించింది. అయినా ఆయన ఎడింబరో, గ్లాస్గో విశ్వవిద్యాలయాలలో చదివి మతబోధకులయ్యారు. 1816 సెప్టెంబరులో కిల్మార్నాక్ చర్చిలో బాధ్యతలు స్వీకరించిన కొద్ది రోజులకే తన వేడిగాలి యంత్రానికి పేటెంటు కోరడం విశేషం.

ఆవిరి బాయిలర్లు పేలి కార్మికులు మరణించడం చూసి చలించి ఆయన ఈ యంత్రాన్ని నిర్మించారని పలువురు చెబుతారు. పేటెంటు మాత్రం ఇంధనపు పొదుపునే ముఖ్యంగా పేర్కొన్నది. మూసిన సిలిండరులోని గాలిని ఒకవైపు వేడిచేసి మరొకవైపు చల్లార్చితే, ఆ వ్యాకోచ సంకోచాలే పిస్టన్‌ను నడుపుతాయి. వేడిగాలి చల్లని భాగానికి పోతూ దారిలోని లోహానికి తన వేడిని అప్పగిస్తుంది. తిరిగి వస్తూ దానిని గ్రహిస్తుంది. నేడు రీజనరేటర్ అని పిలిచే ఈ భాగమే ఆయన ప్రతిభకు గీటురాయి. 1818లో ఇటువంటి యంత్రం ఒక రాతిగనిలో నీటిని తోడింది.

అయితే సాధారణ పీడనం గల గాలితో లభించే శక్తి స్వల్పం. ఇంజనీరైన తమ్ముడు జేమ్స్ గాలిని ముందుగానే అదిమి నింపాలని సూచించాడు. గాలి ఎంత సాంద్రమైతే, అదే పరిమాణం గల యంత్రం అంత ఎక్కువ పని చేస్తుంది. సోదరులిద్దరూ 1827లోను, 1840లోను మరల పేటెంట్లు పొందారు. 1843లో డండీ ఫౌండ్రీలో పెద్ద యంత్రం నడిచింది. కాని నిప్పుసెగకు సిలిండరు అడుగుభాగపు పోత ఇనుము తాళలేకపోయింది. మూడుసార్లు అది చెడిపోగా, 1847లో యజమానులు ఆవిరికే మరలారు.

పీడనంతో మరొక చిక్కు వాయువు కారిపోవడం. పిస్టన్‌కు ఒకవైపు అధిక పీడనం, రెండవవైపు బయటిగాలి ఉంటే సన్నని సందు గుండా కూడా వాయువు తప్పించుకుంటుంది. అందుచేత తరువాతి తరాల నిర్మాతలు కొందరు క్రాంక్‌కేసును కూడా గట్టిగా మూసి, అదే వాయువుతో నింపారు. అప్పుడు పిస్టన్‌కు ఇరువైపులా పీడనం దాదాపు సమానమై, బేరింగులపై భారం తగ్గుతుంది. ప్రధానంగా కాపాడవలసింది బయటికి వచ్చే ఇరుసు చుట్టూ ఉన్న సీలునే. అయినా క్రాంక్‌కేసులోని నూనె పైకి పాకి రీజనరేటర్‌ను పూడ్చివేయవచ్చు. అదిమిన గాలిలో నూనె తుంపరలు కలిస్తే పేలుడు ప్రమాదం కూడా ఉంది. ఈ కారణంగానే హీలియం, నైట్రోజన్ వంటి వాయువులను ఎన్నుకొంటారు. 1964లో విలియం బీల్ క్రాంకునే తొలగించిన నమూనాను రూపొందించాడు. అందులో బయటికి తిరిగే ఇరుసే లేనందున యంత్రాన్నంతా ఒకే పాత్రలో మూసివేయడం సాధ్యమైంది.

స్టిర్లింగ్ 1824లో గాల్‌స్టన్ చర్చికి మారి, శేషజీవితమంతా అక్కడే గడిపారు. కుమారులలో పాట్రిక్, జేమ్స్ రైలు ఇంజన్ల నిర్మాతలుగా ఖ్యాతి గడించారు. బెసిమర్ పద్ధతి ఉక్కు ముందే లభించి ఉంటే తన యంత్రం నిలిచేదని ఆయన వృద్ధాప్యంలో, 1876లో, అభిప్రాయపడ్డారు. 1878 జూన్ 6న గాల్‌స్టన్‌లో కన్నుమూశారు.