ఆశ్రయమిచ్చిన వైమానికుడు: లెనార్డ్ చెషైర్

బ్రిటన్‌లో స్థిరపడిన మన కుటుంబాలలో, వయసు వచ్చినా తనంతట తాను స్నానం చేయలేని కుమారుడో, చక్రాల కుర్చీ విడువలేని కుమార్తెయో ఉన్న ఇంట తల్లిదండ్రుల నిద్రను హరించే చింత ఒక్కటే: తమ అనంతరం ఆ బిడ్డకు దిక్కెవ్వరు? ఈ దేశంలోనే ఆ చింతను తన భుజాలకెత్తుకున్న ఒక మహనీయుని జీవితాన్ని మీ ముందుంచుతున్నాను.

లెనార్డ్ చెషైర్ 1917 సెప్టెంబరు 7న చెస్టర్‌లో జన్మించారు. తండ్రి ఆక్స్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్ర ఆచార్యులు. కుమారుడూ అక్కడ న్యాయశాస్త్రమే చదివినా, రెండవ ప్రపంచయుద్ధం ఆయనను బాంబర్ విమానం ఎక్కించింది. దాదాపు 100 దాడులలో పాల్గొన్న ఆయనను 1944లో విక్టోరియా క్రాస్ వరించింది. సాధారణంగా ఒక్క సాహసకార్యానికి దక్కే ఆ పతకం ఆయనకు నాలుగేళ్ల ఎడతెగని ధైర్యానికి దక్కింది. 1945 ఆగస్టు 9న నాగసాకిపై అణుబాంబు పడిన వేళ, బ్రిటన్ తరఫున పరిశీలకునిగా విమానం నుండి ఆ వినాశాన్ని కన్నులారా చూశారు.

యుద్ధానంతరం, సైన్యం నుండి వచ్చినవారు కలిసిమెలిసి జీవించేందుకు హాంప్‌షైర్‌లోని లె కోర్ట్ అనే పెద్ద భవనంలో ఒక సహజీవన సమాజాన్ని నెలకొల్పారు. అది విఫలమైంది. అప్పులూ, ఖాళీ గదులూ మిగిలాయి. 1948లో, ఒకప్పుడు అక్కడ నివసించిన ఆర్థర్ డైక్స్ క్యాన్సర్‌తో మరణానికి చేరువయ్యాడు. ఆసుపత్రి చేయగలిగిన చికిత్స లేదు; తీసుకువెళ్లేవారూ లేరు. చెషైర్ అతనిని లె కోర్ట్‌కు తెచ్చుకున్నారు. ధనమూ లేదు, వైద్యశిక్షణా లేదు. వండి పెట్టడం, ఒళ్లు తుడవడం, రాత్రులు మేల్కొనడం అన్నీ తానే చేశారు. ఆ ఆగస్టులో డైక్స్ కన్నుమూశాడు.

పాఠకులారా, కాలాన్ని గమనించండి. జాతీయ ఆరోగ్య సేవ ఆరంభమైనది ఆ ఏటి జులైలోనే. జబ్బు నయం చేయడానికి ఆసుపత్రి ఉంది; కాని నయం కాని వైకల్యంతో దశాబ్దాలు బతకవలసిన యువకునికి దీర్ఘరోగుల వార్డే గతి అయ్యేది. అట్టివారు ఒక్కొక్కరే లె కోర్ట్ తలుపు తట్టారు. చెషైర్ 1948 క్రిస్మస్ ముందురోజున కాథలిక్ మతం స్వీకరించినా, తన గృహాల తలుపులు అన్ని మతాలవారికీ తెరిచే ఉంచారు. అనంతరం క్షయ సోకి రెండేళ్లకు పైగా ఆయన ఆసుపత్రి పాలైనా, స్థానిక సంఘాల పూనికతో కొత్త గృహాలు వెలిశాయి. 1950ల మధ్యలో ఆయన భారతదేశానికి వెళ్లి బొంబాయిలో ఒక గృహాన్ని స్థాపించారు. 1959లో ఆ నగరంలోనే సూ రైడర్‌ను వివాహమాడారు. ఆ దంపతుల కృషితో డెహ్రాడూన్‌లో రఫాయెల్ కేంద్రం వెలసి, కుష్ఠువ్యాధి సోకినవారికీ, బుద్ధిమాంద్యం గల పిల్లలకూ నీడనిచ్చింది.

అయితే ఈ కథలో ఒక ముల్లు ఉంది. దానిని దాచడం న్యాయం కాదు. కొంతకాలానికి లె కోర్ట్ నివాసులే యాజమాన్యాన్ని ఎదిరించారు. ఏ వేళకు నిద్రించాలో తామే నిర్ణయించుకోవాలనీ, బయటకు వెళ్లడానికి అనుమతి అడగవలసిన పని ఉండరాదనీ పట్టుబట్టారు. వారిలో ప్రముఖుడైన పాల్ హంట్ ఇటువంటి సంస్థలు మనిషిని సమాజం నుండి వేరు చేస్తాయని వాదించి, బ్రిటన్ వికలాంగుల హక్కుల ఉద్యమానికి ఆద్యులలో ఒకరయ్యారు. ఆశ్రయం ఎంత దయతో ఇచ్చినా, అందులో బతికేవాని మాటకు విలువ లేకుంటే అది ఇల్లు కాజాలదని ఆ నివాసులు నేర్పారు. సొంత తాళంచెవి, సొంత గది, అవసరమైన వేళకు వచ్చే సహాయకుడు అన్న నేటి పద్ధతి అట్టి పోరాటాలకు ఎంతో ఋణపడి ఉంది.

1991లో చెషైర్ ప్రభువుల సభలో సభ్యులయ్యారు. ఆపై నరాలను క్షీణింపజేసే వ్యాధి ఆయననూ పరుల సాయంపై ఆధారపడేలా చేసింది. జీవితమంతా ఎవరికోసం శ్రమించారో చివరకు వారిలో ఒకరై, 1992 జులై 31న కన్నుమూశారు.

కనుక, పాఠక మహాశయులారా, మీ బిడ్డకో, సోదరికో ఒక నివాసాన్ని వెతుకుతున్నారా? గోడల రంగునూ, తోట అందాన్నీ చూసి తృప్తి పడకండి. తలుపు తాళంచెవి ఎవరి చేత ఉంటుందో, భోజన వేళను ఎవరు నిర్ణయిస్తారో, స్నానానికి సాయపడేవారు ఆడవారో మగవారో ఎంచుకునే హక్కు ఎవరిదో అడగండి. మీరు ఆరోగ్యంగా ఉన్న రోజులలోనే ఆ ప్రయత్నం ఆరంభించండి. అన్నిటికంటే ముందు, అక్కడ ఉండబోయేవారినే అడగండి. మాటలు రానివారైతే వారి ముఖాన్ని చదవండి. చెషైర్ ఆశ్రయమిచ్చారు, ఆ ఆశ్రయంలోని వారు దానిని ఇల్లుగా మలచుకున్నారు. ఆ రెండింటినీ మన ఆప్తులకు సమకూర్చడం మన విధి.