అబ్రామ్ యోఫే

రెండవ ప్రపంచసంగ్రామము జరుగుచున్న దినములవి. జర్మను సేనలు సోవియట్ దేశమున పెక్కు ప్రాంతములను ఆక్రమించియుండెను. అచ్చటి యడవులలో దాగి శత్రువులతో పోరాడు వీరులు, మంటపై ఒక లోహపాత్రను వ్రేలాడదీసి నీరు కాచుచుండిరి. చూచువారికి అది వట్టి వంటపాత్రయే. కాని దానినుండి బయలుదేరిన తీగలు ప్రక్కనున్న రేడియో యంత్రమును చేరుచుండెను. మంట మండుచున్నంతసేపు ఆ యంత్రము పనిచేసెడిది. వీరుల సందేశములు దూరముననున్న స్వపక్షమువారికి అందెడివి. తిరుగు చక్రమైనను లేకయే నిప్పునుండి విద్యుత్తును పుట్టించిన యా పాత్రకు మూలపురుషుడు అబ్రామ్ యోఫే అను భౌతికశాస్త్రజ్ఞుడు.

యోఫే 1880వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీన, నేటి యుక్రెయిన్ దేశమునందలి రోమ్నీ పట్టణమున ఒక యూదు కుటుంబమున జన్మించెను. 1902లో సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున సాంకేతిక విద్య ముగించి, ఎక్స్‌కిరణములను కనుగొన్న రాంట్‌జెన్ పండితునియొద్ద శిష్యుడగుటకై జర్మనీలోని మ్యూనిక్ నగరమునకేగెను. 1905లో డాక్టరు పట్టము వడసెను. గురువు అచ్చటనే యుండుమని కోరినను, యోఫే 1906లో స్వదేశమునకు మరలి వచ్చెను.

1918లో రష్యా అంతర్యుద్ధముతోను, ఆకలితోను అల్లాడుచుండగా, ఆయన పెట్రోగ్రాడు నగరమున భౌతికశాస్త్ర పరిశోధనశాఖ నొకదానిని నెలకొల్పెను. అదియే పిమ్మట లెనిన్‌గ్రాడు భౌతిక సాంకేతిక సంస్థగా పెరిగి పెద్దదయ్యెను. నోబెల్ బహుమానము నందిన కపీట్సా, సెమ్యోనవ్‌లు ఆయన శిష్యకోటిలోనివారే.

యోఫే జీవితమున పొరపాట్లును లేకపోలేదు. మిక్కిలి పలుచని పొరలుగా చేసిన విద్యున్నిరోధక పదార్థములు అపారమైన విద్యుత్పీడనమునకు ఓర్చుకొనునని ఆయన ఒకప్పుడు విశ్వసించెను. ఆ యాశతో పెక్కేండ్లు శ్రమించెను. కాని ఆయన సంస్థలోనే పనిచేయుచున్న అలెగ్జాండ్రోవ్ అను యువకుడు జాగ్రత్తగా కొలతలు తీసి, అది నిజము కాదని తేల్చెను. కీర్తి గడించిన యాచార్యుడు కుర్రవానిపై కినియలేదు. తన తప్పును అంగీకరించెను. పిదప ఆయన దృష్టి అర్ధవాహకములపై నిలిచెను.

రెండు వేర్వేరు లోహముల కొనలను కలిపి, ఒక కూడలిని వేడిచేసి రెండవదానిని చల్లగా నుంచినచో విద్యుత్తు పుట్టును. దీనిని 1821లో జర్మను శాస్త్రజ్ఞుడగు సీబెక్ కనుగొనెను. కాని లోహములనుండి వచ్చు విద్యుత్తు అత్యల్పము. అర్ధవాహకములలో ఆ ఫలితము పెక్కురెట్లు ఎక్కువగా నుండునని యోఫే గుర్తించెను. యుద్ధకాలపు పాత్రలో జరిగినది ఇదియే. పాత్ర వెలుపలిభాగమును మంట తాకును. లోపలనున్న నీరు మరగుచున్నను 100 డిగ్రీలకు మించి వేడెక్కదు. ఈ రెంటి నడుమనున్న ఉష్ణభేదమే విద్యుత్తునకు ఆధారము.

యుద్ధము ముగిసెను. 1950వ సంవత్సరాంతమున, యూదులకు ప్రతికూలముగా నాడు సాగిన రాజకీయ ప్రచారమువలన, యోఫే తాను స్థాపించిన సంస్థకు అధ్యక్షుడుగా నుండ వీలులేకపోయెను. అప్పటికాయన వయస్సు 70 ఏండ్లు. మరియొకడైనచో మనసు విరిగి ఇంట కూర్చుండెడివాడే. యోఫే 1952లో ఒక చిన్న ప్రయోగశాలతో మరల మొదలిడెను. 1954లో అది అర్ధవాహక సంస్థగా రూపొందెను. ఆయన ఆలోచనలలో మిక్కిలి ఫలవంతమైనది ఈ ముదిమియందే వెలువడెను.

చిక్కు ఎచ్చటనున్నదనగా, మంచి పదార్థము విద్యుత్తును సులభముగా పోనీయవలెను. వేడిని మాత్రము పోనీయరాదు. వేడి పోయినచో ఉష్ణభేదము నశించును. లోహములు రెంటిని పోనిచ్చును. గాజు రెంటిని అడ్డగించును. స్ఫటికములో వేడి ముఖ్యముగా పరమాణువుల కంపనములవలన తరంగములై సాగును. విద్యుత్తును ఎలక్ట్రానులు మోయును. బిస్మతు టెల్లూరైడు స్ఫటికములో కొన్ని బిస్మతు పరమాణువుల స్థానమున వానిని పోలిన ఆంటిమొని పరమాణువులను నిలిపినచో, చిన్న కంపనతరంగములు చెదరిపోవును. ఎలక్ట్రానుల నడక అంతగా చెడదు. జల్లెడ నూకను ఆపి పిండిని విడుచునట్లు, ఆ స్ఫటికము వేడిని ఆపి విద్యుత్తును విడుచును. ఈ మార్గమును యోఫేయు, ఆయన సహచరులును 1956లో ప్రకటించిరి.

1960వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన లెనిన్‌గ్రాడులో యోఫే మరణించెను. ఆయన వీడవలసివచ్చిన సంస్థకు ఆ యేడే ఆయన పేరు పెట్టబడెను.

ఆయన చూపిన త్రోవ అంతటితో ఆగలేదు. 1977లో ఆకాశమునకెగసిన వాయేజర్ నౌకలలో సిలికాను, జెర్మేనియము కలిపిన స్ఫటికములే ప్లుటోనియపు వేడిని విద్యుత్తుగా మార్చినవి. చిన్న తరంగములను పరాయి పరమాణువులు చెదరగొట్టగలిగినను, పెద్ద తరంగములు తప్పించుకొనుచుండెను. వానిని ఆపుటకు తరువాతి శాస్త్రజ్ఞులు పదార్థమును మెత్తని పొడిగా నూరి, వేడిచేయుచు అదిమి దిమ్మగా చేసిరి. అట్టి దిమ్మలో లెక్కలేనన్ని సూక్ష్మమైన రేణువులుండును; వాని సరిహద్దులు పెద్ద తరంగములకు గోడలవలె అడ్డునిలుచును. 2008లో అమెరికా శాస్త్రజ్ఞులు ఆంటిమొని కలిపిన బిస్మతు టెల్లూరైడును ఇట్లు చేయగా, సుమారు 1గా నుండిన దాని సామర్థ్యాంకము 1.4 వరకు పెరిగెను.

పదార్థము ఒకటియే, దానిని తీర్చిన తీరు మారుటచే గుణము మారెను. తప్పు తెలిసిననాడు దారి మార్చుకొని, పదవి పోయిననాడు పని మానక సాగిన యోఫే జీవితమును అట్టిదే.