రాతి ఎముకలో నరం దారి చూపిన జాకబ్‌సన్

పిల్లలూ, ఉల్లిపాయ తరిగితే కళ్ల వెంట నీళ్లు కారతాయి. ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకుంటే నోరూరుతుంది. ఈ రెండు పనులకూ సందేశం మోసుకెళ్లే సన్నని నరాలు మన పుర్రెలో ఉన్నాయి. పుర్రె అడుగున, చెవి లోపలి భాగాలను కాపాడే ఎముక చాలా గట్టిది. రాయి అనే అర్థం వచ్చే మాటతో దానికి పేరు పెట్టారు. ఆ ఎముక గుండా సాగేవి కాబట్టి వీటిని పెట్రోజల్ నరాలంటారు. వాటిలో చిన్న నరం ఎక్కడి నుంచి వస్తుందో వివరించిన వైద్యుడు లుడ్విగ్ లెవిన్ జాకబ్‌సన్.

ఆయన 1783 జనవరి 10న డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. అక్కడే శస్త్రవైద్యం చదివి 1804లో పట్టా పొందారు. జంతువుల ముక్కును పరిశీలిస్తూ, వాసనలను పసిగట్టే ఒక ప్రత్యేక అవయవాన్ని గుర్తించారు. 1811లో ఫ్రాన్స్ శాస్త్రజ్ఞుడు కువియే దాని గురించి నివేదిక రాశారు. పాము నాలుక ఆడించేదీ, మేకపోతు పై పెదవి ఎత్తి నిలబడేదీ ఆ అవయవానికి వాసన అందించడానికే. దాన్ని నేటికీ జాకబ్‌సన్ అవయవమనే పిలుస్తారు.

1818లో ఆయన చెవి నరాన్ని వర్ణించారు. మెదడు నుంచి నేరుగా వచ్చే నరాలు 12 జతలు. తొమ్మిదో నరం నుంచి ఒక సన్నని కొమ్మ చీలి, ఎముకలోని చిన్న రంధ్రం గుండా నడిమి చెవిలోకి పోతుంది. అక్కడ వలలా పరుచుకుని, చిన్న పెట్రోజల్ నరంగా బయటపడుతుంది. దాని సందేశం చివరికి చెవి ముందున్న లాలాజల గ్రంథికి చేరుతుంది. గవదబిళ్లలు వస్తే వాచేది ఈ గ్రంథే. పెద్ద పెట్రోజల్ నరం దారి వేరు. అది ఏడో నరం నుంచి పుట్టి, కంటి నీటి గ్రంథికీ, ముక్కు లోపలి పొరకూ సందేశం పంపుతుంది. అది దెబ్బతింటే కన్ను పొడిబారుతుంది.

మత్తుమందు రాని ఆ కాలంలో మూత్రాశయంలోని రాళ్లను కోసి తీస్తుంటే రోగులు నరకం చూసేవారు. కోత లేకుండా లోపలే రాయిని నలిపే పరికరాన్ని జాకబ్‌సన్ తయారుచేశారు.

ఇంత చేసినా, విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి కావాలంటే క్రైస్తవ మతం పుచ్చుకోవాలన్నారు. ఆయన ఒప్పుకోలేదు. పదవినే వదులుకున్నారు. రోగులను చూస్తూ, పరిశోధన సాగిస్తూ 1843 ఆగస్టు 29న కన్నుమూశారు.

మరో రెండేళ్లకు, 1845లో, మన బొంబాయిలో గ్రాంట్ వైద్య కళాశాల మొదలైంది. మన నాగ్‌పాడా నుంచి జేజే ఆసుపత్రి వైపు నడిస్తే అది కనిపిస్తుంది. పదవి దక్కని ఆ వైద్యుడి పేరు ఇప్పుడు వైద్య విద్యార్థులందరి పాఠంలోనూ ఉంది.

ఈసారి పుల్లటి చింతకాయ కొరికినప్పుడు గమనించండి. చెవి ముందు, దవడ మూల దగ్గర చురుక్కుమంటుంది. జాకబ్‌సన్ చూపిన దారిలో సందేశం చేరిందన్నమాట.