అమ్మ తరఫు లాయరు ఎవరి మనిషి?

అరోరా బాలాజీ గుడికి వచ్చే మనవాళ్లకు ఫాక్స్ నది తెలిసిందే. నది వెంట ఉత్తరానికి కొద్ది మైళ్లు పోతే బటేవియా. అక్కడో పాత రాతి భవనం ఉంది. కన్‌స్ట్రక్షన్‌లో ఉన్నవాళ్లం కదా, అటు వెళ్లినప్పుడల్లా ఆ రాతి పని చూస్తూ నిలబడేవాళ్లం. అబ్రహాం లింకన్ భార్యను బలవంతంగా ఉంచిన పిచ్చాసుపత్రి అదేనని తర్వాత తెలిసింది.

మేరీ టాడ్ 1818లో కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో, కలిగినవాళ్లింట్లో పుట్టింది. 1842లో లింకన్‌ను పెళ్లాడింది. నలుగురు కొడుకులు. ఒకడు పసితనంలో, ఒకడు వైట్ హౌస్‌లో ఉండగా పోయారు. 1865లో పక్కనే కూర్చున్న భర్తను కాల్చి చంపారు. 1871లో చిన్నకొడుకూ పోయాడు. మిగిలింది పెద్దోడు రాబర్ట్, షికాగోలో లాయరు.

ఆమె అవసరం లేనివి తెగ కొనేది. 56 వేల డాలర్ల బాండ్లు బట్టల్లో దాచి కుట్టుకుని తిరిగేది. రాబర్ట్‌కు భయమేసింది. తల్లికి మతిస్థిమితం లేదని కోర్టులో అర్జీ పెట్టాడు. విచారణ 1875 మే 19న. ఆమెకు తెలిసింది కూడా ఆ రోజే! హోటలుకు వచ్చి కోర్టుకు తీసుకుపోయింది కొడుకు తరఫు లాయరు లియొనార్డ్ స్వెట్. ఆమెకు లాయరుగా ఐజాక్ ఆర్నాల్డ్‌ను నిలబెట్టింది కూడా వాళ్లే. లింకన్‌కు పాత స్నేహితుడైన ఆర్నాల్డ్ చివర్లో వెనకాడాడు. ఆయన తప్పుకుంటే ఆమె గట్టిగా పోరాడే లాయర్ని తెచ్చుకుంటుందని స్వెట్ ఒత్తిడి చేశాడు. డాక్టర్లు, హోటలు వాళ్లు, దుకాణదారులు, చివరికి కన్నకొడుకు కూడా సాక్ష్యం చెప్పారు. ఆమె తరఫున ఆర్నాల్డ్ ఒక్క సాక్షినీ పిలవలేదు. పన్నెండు మంది మగవాళ్ల జ్యూరీ కొద్ది నిమిషాల్లో తేల్చేసింది. మర్నాడే బటేవియా.

రాబర్ట్ చెడ్డవాడని మేము అనం. ఆమెకు జబ్బుందా లేదా అన్నదీ చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. జబ్బున్నా తన మనిషంటూ ఒక లాయరు ఉండాలి కదా! ఇన్‌స్పెక్టర్ని కాంట్రాక్టరే తెచ్చుకుంటే ఆ తనిఖీ ఎలా ఉంటుందో మాకు తెలుసు.

ఇప్పటి ఇల్లినాయి నియమాల ప్రకారం కోర్టులో ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరికీ ఒకే లాయరు ఆ కేసులో వాదించకూడదు, ఇద్దరూ ఒప్పుకున్నా సరే. ఫీజు బావమరిది కట్టినా లాయరు క్లయింటు మాటే వినాలి, క్లయింటు ఒప్పుకోకుండా ఆయన గుట్టు బావమరిదికి చెప్పకూడదు. మనోడే కదా, ఖర్చు కలిసొస్తుంది కదా అని విడాకుల కోసం భార్యాభర్తలిద్దరూ ఒకే లాయరు దగ్గరికి పోవడం మేమూ చూశాం.

మేరీ ఆసుపత్రి నుంచి రహస్యంగా ఉత్తరం పంపింది, జేమ్స్ బ్రాడ్‌వెల్‌కు. అతను, భార్య మైరా కదిలారు. మైరా 1869లోనే లా పరీక్ష పాసైంది. పెళ్లయిన ఆడదని రాష్ట్ర సుప్రీంకోర్టు లైసెన్సు ఇవ్వలేదు. లైసెన్సు లేని ఆ మైరానే ఆమెకు అసలు లాయరులా పనిచేసింది. ఆసుపత్రికి వచ్చి చూసింది, పత్రికల్లో గొడవ చేసింది. సెప్టెంబరులో మేరీని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో అక్క ఇంటికి పంపారు. 1876 జూన్‌లో మరో జ్యూరీ ఆమెకు మతి బాగుందని తేల్చి, ఆస్తి చేతికిచ్చింది. కొడుకుతో మాటలు కలవడానికి ఐదేళ్లు పట్టింది. 1882లో అక్క ఇంట్లోనే కన్నుమూసింది. 1842లో పెళ్లి జరిగిందీ ఆ ఇంట్లోనే.