అమ్మమ్మ ఊరి గోలీ, మెదడు ఫొటోలు

చిన్నప్పుడు కరీంనగర్ దగ్గర అమ్మమ్మ వాళ్ల ఊరికి పోతే, బోదకాలు రాకుండా ఆశా అక్క ఇంటింటికీ గోలీలు తెచ్చేది. ఆమె ముందే మింగాలి, తప్పించుకునుడు కుదరదు. ఆ డీఈసీ గోలీ భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి టీమ్ తెచ్చిన మందని ఈ సెమిస్టర్‌లోనే తెలిసింది. అదీ మెదడు కణాల ఫొటోలతో మినీ ప్రాజెక్ట్ చేస్తుంటే!

మెదడుకు సొంత కాపలా కణాలుంటాయి, వాటినే మైక్రోగ్లియా అంటారు. దెబ్బ తగిలితే రక్తంలోంచి వేరే రక్షణ కణాలు కూడా లోపలికి వస్తాయి. ఐబీఏ1 అనే మార్కర్ వేస్తే రెండూ ఒకేలా వెలుగుతాయి. మా మోడల్ అక్కడే బోల్తా పడింది. ఇంటివాళ్లెవరో, బయటివాళ్లెవరో చెప్పేది పీ2ఆర్‌వై12 అనే మార్కర్. మైక్రోగ్లియా పైన ఉండే ఈ ప్రోటీన్ ఏడీపీని పసిగడుతుంది. గాయపడ్డ కణంలోంచి కారిన ఏటీపీ విరిగితే ఏడీపీ వస్తుంది. దాని జాడ పట్టుకొని మైక్రోగ్లియా అటువైపు కొమ్మలు చాస్తుంది. కాకపోతే కణం బాగా రెచ్చిపోతే ఈ మార్కర్ తగ్గిపోతుంది, అందుకే దీన్నొక్కదాన్నే నమ్మరు.

ఆ ఏటీపీని 1929లో కండరాల్లో కనిపెట్టినవాళ్లలో సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి చేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ విడిగా కనిపెట్టాడు.

ఆదిలాబాద్ ఇంటికి పోతూ బస్సులో ఆయన జీవితం చదివిన. 1895లో పుట్టారు. పదమూడేళ్లకు కాశీలో అరటిపండ్లు అమ్ముదామని ఇంట్లోంచి పారిపోయారు. మెట్రిక్ రెండుసార్లు ఫెయిల్ (బ్యాక్‌లాగ్ బ్యాచ్, గమనించగలరు). మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు తొడిగినందుకు ప్రొఫెసర్‌కు కోపమొచ్చింది, ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్ చేతికొచ్చింది. కొద్ది రోజుల తేడాతో ఇద్దరు సోదరులు పోయారు. అన్న పురుషోత్తాన్ని తీసుకుపోయింది స్ప్రూ అనే పేగుల జబ్బు.

హార్వర్డ్‌లో పర్మినెంట్ ఉద్యోగం దొరకక 1940లో లెడర్లే కంపెనీకి మారారు. 1945లో అక్కడ ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. స్ప్రూకు మందు అదే. అన్న పోయి అప్పటికే ఇరవై ఏళ్లు దాటింది. ఈ పేరా దగ్గర కాసేపు ఫోన్ పక్కన పెట్టేసిన.

1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే గుండెపోటుతో పోయారు, 53 ఏళ్లకే. అమెరికా వెళ్లాక మళ్లీ ఇండియా రానేలేదు.

హాస్టల్‌కు తిరిగొచ్చి లేబుల్స్ మొత్తం మళ్లీ చూసినం. మెదడు పొరల్లో, రక్తనాళాల పక్కన ఉండే మాక్రోఫేజ్‌లలో కొన్నింటిని గుర్తుపట్టే ఎఫ్‌ఓఎల్‌ఆర్2 అనే మార్కర్‌కూ ఒక కాలమ్ కలిపినం. అది పట్టుకునేది ఫోలిక్ యాసిడ్‌నే.