విమానం నడిపిన ప్రధాని

మే 21న ఉగ్రవాద వ్యతిరేక దినం పాటించాలని సర్క్యులర్ రావడం, ఫైళ్లు పక్కనబెట్టి అందరం నిలబడి ప్రతిజ్ఞ చేయడం సభ్యులకు గుర్తుండే ఉంటుంది. అది రాజీవ్ గాంధీ గారి వర్ధంతి. ఆయన జయంతి ఆగస్టు 20 సద్భావనా దినం. 2008లో ప్రారంభమైన శంషాబాద్ విమానాశ్రయానికీ ఆయన పేరే.

ఆయన 1944లో బొంబాయిలో జన్మించారు. నెహ్రూ గారి మనుమడై ఉండీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో పైలట్‌గా చేరారు. మనలాగే నెలజీతం మనిషన్నమాట! 1980లో తమ్ముడు సంజయ్ విమాన ప్రమాదంలో పోవడంతో రాజకీయాల్లోకి రాక తప్పలేదు.

1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో జరిగింది దాచకూడదు. జనంతో, ఆర్భాటంగా స్వాగతం పలకబోయిన ముఖ్యమంత్రి అంజయ్య గారిని అందరి ఎదుటా మందలించారు. ఆల్విన్ కార్మికుడిగా బతుకు మొదలుపెట్టి పైకొచ్చిన పెద్దమనిషి ఆయన. ఆ నెలలోనే పదవి పోయింది. తెలుగువారి ఆత్మగౌరవం అన్న మాట ఊరూరా మోగింది. మరుసటి జనవరిలో రామారావు గారు గెలిచారు.

1984 అక్టోబరు 31న, తల్లి హత్య జరిగిన రోజునే, నలభై ఏళ్లకు రాజీవ్ ప్రధాని అయ్యారు. వెంటనే ఢిల్లీలో సిక్కులపై సాగిన మారణకాండ ఆ పాలనకు మాయని మచ్చ. పద్దెనిమిదేళ్లకే ఓటుహక్కు వచ్చింది ఆయన హయాంలోనే.

1991 మే 21 సాయంత్రం విశాఖపట్నంలో ప్రచారం ముగించి విమానంలో మద్రాసు వెళ్లారు. ఆ రాత్రి శ్రీపెరుంబుదూరు సభలో, పాదాలకు నమస్కరిస్తున్నట్టు వంగిన మానవబాంబు ఆయనను బలిగొన్నది. బందోబస్తు పోలీసులు కూడా కొందరు అక్కడే ప్రాణాలు విడిచారు. ప్రతిజ్ఞలో ఎవరి పేరూ ఉండదు గనుక, అది వారికీ చెందుతుందనే నా అభిప్రాయం.