బేగంపేటలో దోమ గుట్టు విప్పిన డాక్టర్



వానలు మొదలయ్యాక మా అటెండెన్స్ రిజిస్టర్‌లో జ్వరం సెలవులు పెరిగాయి. పోయిన వారం మా ఐదో తరగతి పాప ఒకరు డెంగీ తగ్గి బడికి వచ్చింది. రెండో అంతస్తు ఎక్కలేక మెట్ల మీదే కూర్చుండిపోయింది. ఆ రోజు ఇంగ్లిష్ పీరియడ్‌లో పాఠం పక్కన పెట్టి జ్వరాల గురించే మాట్లాడుకున్నాం. జబ్బు మన దాకా రాకముందే పసిగట్టలేమా అని ఒక బాబు అడిగాడు. జవాబుగా వాళ్ళకు చెప్పిన జీవితకథే ఇది. ఈ నెల 20న ప్రపంచ దోమల దినం. ఆ తేదీకి కారణం మన బేగంపేటే.

రోనాల్డ్ రాస్ 1857 మే 13న అల్మోరాలో పుట్టాడు. తండ్రి సైనికాధికారి. ఎనిమిదేళ్ళ వయసులో చదువు కోసం ఇంగ్లండ్ పంపారు. ఆ పిల్లవాడికి బొమ్మలు, కవిత్వం, సంగీతం ఇష్టం. వైద్యం చదవాలన్నది మాత్రం తండ్రి కోరిక. మనసు లేకుండానే చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరాడు.

బెంగళూరులో ఉన్నప్పుడు తన బంగళాలో దోమలు మరీ ఎక్కువగా ఉండటం గమనించాడు. కిటికీ దగ్గర నీళ్ళ పీపాలో పిల్ల పురుగులు కదులుతున్నాయి. ఆ నీళ్ళు పారబోయించగానే దోమలు తగ్గిపోయాయి. ఈ చిన్న విషయం ఆయన మరిచిపోలేదు.

మలేరియా క్రిమిని ఫ్రెంచ్ వైద్యుడు లావెరాన్ 1880లోనే రోగుల రక్తంలో చూశాడు. అది మనిషి నుంచి మనిషికి ఎలా వెళ్తుందో మాత్రం తెలియదు. ఇందులో దోమ పాత్ర ఉండవచ్చని 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ రాస్‌కు చెప్పాడు. మరుసటి ఏడాది రాస్ సికింద్రాబాద్ వచ్చి దోమల్ని కోసి చూడటం మొదలుపెట్టాడు. రెండేళ్ళు గడిచినా ఏమీ దొరకలేదు. ఆయన వెతుకుతున్న దోమలు మలేరియా మోసే జాతివి కావు. మధ్యలో ఊటీ వైపు వెళ్ళినప్పుడు తనకే మలేరియా సోకింది. ఇక్కడి ఉక్కపోతలో పంకా వేసుకుంటే దోమలు ఎగిరిపోతాయి. అందుకే చెమట కారుతున్నా అలాగే కూర్చునేవాడు. ఆ చెమటకు మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయి.

1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న కొత్త రకం దోమలు దొరికాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి వాటితో కుట్టించుకోవడానికి ఒప్పుకున్నాడు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చారు. ఆగస్టు 20న ఒక దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమి ఎదుగుతూ కనిపించింది. పాఠ్యపుస్తకాల్లో రాస్ పేరు ఉంటుంది. పిల్లలకు హుసేన్ ఖాన్ పేరు కూడా చెప్పండి.

అప్పటికి సగం పనే అయింది. తర్వాత కలకత్తా వెళితే, ప్లేగు టీకాల భయంతో ఉన్న జనం పరీక్షలకు ముందుకు రాలేదు. రాస్ పక్షుల వైపు తిరిగాడు. పిచ్చుకలకూ ఒక రకం మలేరియా వస్తుంది. 1898 జూలైలో ఆ క్రిమి దోమ లాలాజల గ్రంథిలోకి చేరడం చూశాడు. అవే దోమలు కుట్టిన మంచి పిచ్చుకలు జబ్బుపడ్డాయి. మనిషి మలేరియాలో ఇదే దారిని ఇటలీలో గ్రాస్సీ బృందం నిరూపించింది. ఘనత ఎవరిదన్న గొడవ ఇద్దరి మధ్య ఏళ్ళ తరబడి నడిచింది. 1902లో నోబెల్ రాస్‌కే దక్కింది. 1932 సెప్టెంబర్ 16న ఆయన లండన్‌లో కన్నుమూశాడు.

మనిషి జబ్బు గుట్టు పిచ్చుకలో దొరికింది. తర్వాతి వాళ్ళు ఇదే దారిలో అడవి కోతుల్ని గమనించడం మొదలుపెట్టారు. 1947లో ఉగాండాలోని జికా అడవిలో చెట్ల మీద బోనుల్లో కోతుల్ని ఉంచి, ఎల్లో ఫీవర్ కోసం రక్తం పరీక్షిస్తుంటే ఒక కోతిలో కొత్త వైరస్ బయటపడింది. అదే జికా. 68 ఏళ్ళ తర్వాత, 2015లో బ్రెజిల్‌లో ఎందరో పసిబిడ్డలు చిన్న తలతో పుట్టడానికి కారణమైంది అదే వైరస్. ఎల్లో ఫీవర్ వస్తే అక్కడి హౌలర్ కోతులు ముందుగా చనిపోతాయి. ఆ కబురు అందగానే సిబ్బంది చుట్టుపక్కల జనానికి టీకాలు వేస్తారు. కానీ భయంతో కోతుల్ని చంపిన వాళ్ళూ ఉన్నారు. జబ్బు తెచ్చేది దోమ. కోతి మనకంటే ముందు దానికి బలవుతుంది. దాన్ని చంపితే ముందుగా అందే హెచ్చరికను మనమే పోగొట్టుకున్నట్టు.

కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో డెంగీ రావడానికి కోతి అవసరం లేదు. దోమే ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి చేరవేస్తుంది. ఇక్కడ మనకు ముందుగా కనిపించే హెచ్చరిక నీళ్ళలో కదిలే పిల్ల పురుగే. అది దోమై ఎగరడానికి వారం, పది రోజులు చాలు.

అందుకే ఈ ఆదివారం నుంచి వారానికోసారి మీ పిల్లలతో కలిసి పూలకుండీల పళ్ళాలు, కూలర్, బాల్కనీలోని పాత బకెట్లు చూడండి. నీళ్ళుంటే పారబోయండి. ఎక్కడ ఏం కనిపించిందో పిల్లలతో ఒక నోట్‌బుక్‌లో రాయించి సోమవారం క్లాసుకు పంపండి. వీలైతే ఒకరోజు బేగంపేట పాత విమానాశ్రయం పక్కన రాస్ పనిచేసిన భవనాన్ని వాళ్ళకు చూపించండి.